మూలకొకటి

గుంతకల్లు జంక్షన్, నాలుగో నంబరు ప్లాట్‌ఫారం.
డోన్ ప్యాసింజరు రెండు గంటలు లేటని
మైకు మూడు భాషల్లో చెప్పి
మూడింట్లోనూ చింతించింది.

పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను.
బోర్డు మీద సూత్రం రాసి, కింద రెండు గీతలు కొట్టి
"రాసుకోండి" అంటే రాసుకుంటారు.
ఆ మొహాల్లో
పంటి డాక్టరు ముందు నోరు తెరిచిన ఓర్పు.

ఆ రాత్రి పాఠం చెప్పాలనుకోలేదు, ఒట్టు.
పొద్దుపోక,
దస్తగిరమ్మ దగ్గర కొన్న ఉడకబెట్టిన చెనక్కాయల్లో
ఒకటి తీసి
స్తంభం మూలన, పలకరాయి గడిలో పెట్టినాను.
దాన్ని చుట్టి మూడు.
వాటిని చుట్టి అయిదు.

ఎదురు బెంచీ మీద, అమ్మ ఒళ్ళో
నిద్ర నటిస్తున్న పిల్ల ఒక కన్ను తెరిచింది.
"ఇప్పుడు ఏడు" అంది.
పెట్టినాను. పదహారు.
నాలుగు వరసలు, వరసకు నాలుగు.
నా పొట్లం ఖాళీ.

"ఇదేందప్పా, ఇది మా మూలమట్టం గదా!"
బెంగుళూరులో ఎవరివో గోడలు కట్టి
ఊరికి మళ్ళిన సుంకన్న
గోనెసంచి దించి గొంతుక్కూర్చున్నాడు.
దస్తగిరమ్మ గంపలోంచి తొమ్మిది కాయలు లెక్కబెట్టి ఇచ్చింది,
"అప్పు" అని గట్టిగా అందరికీ వినపడేట్టు చెప్పి.
ఇరవై అయిదు.

జనం మూగినారు.
పత్తి మిల్లు నుంచి ఇద్దరు, దర్గాకి పోయొచ్చిన ఒక కుటుంబం,
టీ క్యాను పక్కన పెట్టేసిన కుర్రాడు.
నేల మీద ఏదో పరిచి ఇంతమంది వంగి చూస్తుంటే
జూదమే అనుకున్నాడు రైల్వే కానిస్టేబులు.
లాఠీతో దారి చేసుకుంటా వచ్చి
"ఎవరు గెలుస్తాండారు?" అన్నాడు.
"ఇంకా ఎవరూ ఓడిపోలేదు సార్" అంది పిల్ల.

అప్పుడు దస్తగిరమ్మ అడిగింది,
పంతొమ్మిదేళ్ళలో ఒక్కరూ నన్నడగని మాట:
"ఇట్లా ఎంతదాకా?"

నా నోటి దగ్గరికి సూత్రమే వచ్చింది, పాత అలవాటు.
సుంకన్న చెయ్యి అడ్డం పెట్టినాడు.
"నేను చెప్తా ఉండు సార్.
చదరం ఎంతదైనా కానీ,
ఈ పక్కన ఒక వరస, ఆ పక్కన ఒక వరస,
మూలకొకటి.
మూలకొకటి పడితే మళ్ళీ చదరమే.
మళ్ళీ ఈ పక్క, ఆ పక్క, మూలకొకటి.
ప్లాట్‌ఫారం అయిపోతాది, అనంతపురం జిల్లా కాయంతా అయిపోతాది.
ఇది అయిపోదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
టీ కుర్రాడు మాత్రం
"నీ యవ్వ" అన్నాడు, మెల్లగా, గుడిలో అన్నట్టు.

కానిస్టేబులు జేబులో చెయ్యి పెట్టి
ఏ గంపలోదో ఊరికే తీసుకున్న కాయలు కింద పోసినాడు.
పది.
ఈ పక్క అయిదు. ఆ పక్క అయిదు.
మూల ఖాళీ.

ఇంతమంది ఒక ఖాళీని
ఇంత ఇష్టంగా చూడడం
నేను ఏ తరగతి గదిలోనూ చూడలేదు.

అంతలో బండి వచ్చేసింది, చెప్పిన లేటు కంటే ముందే, పాడుది.
చేతులు చదరం మీద పడినాయి.
పరిగెత్తుతూ ఒలుచుకున్నారు, తిన్నారు,
గడుల్లో తొక్కలు మిగిలినాయి.
పిల్ల మెట్టు మీద నుంచి అరిచింది:
"రెండుతో మొదలుపెడితే? రెండు, నాలుగు, ఆరు?"
తెలుసు. చెప్పలేదు.
"ఇంటికి పోయి పరిచి చూడు" అన్నాను.

నేనూ ఎక్కబోతుంటే వెనకనుంచి చొక్కా లాగింది దస్తగిరమ్మ.
"తొమ్మిది కాయలు. లెక్క లెక్కే సార్."
అయిదు రూపాయల బిళ్ళ ఇచ్చినాను.
చిల్లర లేదంది.
గంపలో వెదికి, చిన్నదాన్ని కాదు, మూడు గింజల కాయ
ఒకటి నా అరచేతిలో పెట్టింది,
కొసరు.

మద్దికెర దాటింది, తుగ్గలి దాటింది.
గుప్పిట్లో అది ఇంకా వెచ్చగానే ఉండాది.